కార్ఖానా దేశం దాటిపోతే

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో, గేల్స్‌బర్గ్ అని ఒక ఊరుంది. మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న రైలు జంక్షన్. కవి కార్ల్ శాండ్‌బర్గ్ పుట్టింది అక్కడే. ఆ ఊళ్లో మేట్యాగ్ కంపెనీ వాళ్ల ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ ఉండేది. తండ్రి పనిచేసిన షెడ్డులోనే కొడుకూ చేరేవాడు, భార్యాభర్తలిద్దరూ ఒకే లైన్లో నిలబడి పనిచేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. గంటకు సుమారు 15 డాలర్ల కూలి, ఆరోగ్య బీమా, రిటైరయ్యాక పెన్షన్. పెద్ద చదువులు లేకపోయినా ఒక ఇల్లు కొనుక్కుని పిల్లల్ని కాలేజీకి పంపగలిగిన బతుకు అది. 2002 అక్టోబరులో కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఫ్యాక్టరీ మూసేస్తున్నాం, పని మెక్సికోలోని రెనోసాకు వెళ్తోంది అని. రెండేళ్లు తిరగకుండా, 2004 సెప్టెంబరులో చివరి ఫ్రిజ్ లైన్ దిగింది. దాదాపు 1,600 ఉద్యోగాలు పోయాయి. ఆ ఏడాదే డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో బరాక్ ఒబామా అనే యువ నాయకుడు చేసిన ప్రసంగం దేశమంతా మారుమోగింది. అందులో ఆయన ఈ గేల్స్‌బర్గ్ కార్మికుల గురించే చెప్పాడు. గంటకు ఏడు డాలర్లిచ్చే పనుల కోసం కన్నబిడ్డలతోనే పోటీపడాల్సిన గతి పట్టిందని.

ఇలాంటి కార్మికుల కోసం అమెరికాలో ఒక చట్టం ఉండేది. దాని పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్. టీఏఏ అంటారు. విదేశాల నుంచి వచ్చిపడే సరుకు వల్ల గానీ, ఫ్యాక్టరీ విదేశానికి తరలిపోవడం వల్ల గానీ పని పోయినవాడికి ప్రభుత్వం చేయూతనివ్వాలన్నది దాని సారాంశం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ చట్టం గురించి. దాన్ని దయాధర్మంగా చూసినన్నాళ్లూ అది కుంటుతూనే నడిచిందని నా అభిప్రాయం. అది దేశం తన కార్మికులకు పడిన బాకీ. ఆ బాకీ ఎలా పుట్టిందో, ఎంత తీరిందో, ఎక్కడ ఎగవేశారో చెప్పుకుందాం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సుంకాలు తగ్గిస్తూ వచ్చింది. సుంకం తగ్గితే చవక సరుకు వస్తుంది, కొనేవాళ్లకు లాభం, ఎగుమతిదారులకు లాభం. ఎవరికి నష్టం? అదే సరుకును ఇక్కడ తయారుచేస్తున్నవాడికి. ఈ లెక్కను సూటిగా ముందుపెట్టినవాళ్లలో ఉక్కు కార్మికుల సంఘం అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ ఒకరు. వాణిజ్య విధానం మీద 1950ల తొలినాళ్లలో వేసిన రాండాల్ కమిషన్‌లో ఆయన సభ్యుడు. సుంకాలు తగ్గించడం దేశానికి మంచిదే అనుకుందాం, అలాంటప్పుడు దాని భారం దేశమంతా మోయాలి గానీ ఏ ఒక్క ఊరి నెత్తినో వేసి చేతులు దులుపుకోవడమేమిటి అన్నది ఆయన వాదన. మిల్లులు మూతపడుతున్న మసాచుసెట్స్ నుంచి వచ్చిన జాన్ కెనెడీకి ఆ మాట అర్థమైంది. ఆయన అధ్యక్షుడయ్యాక, 1962 అక్టోబరు 11న సంతకం చేసిన వాణిజ్య విస్తరణ చట్టంలో అది చేరింది. పని పోయిన కార్మికుడికి అతని సగటు వారం జీతంలో 65 శాతం చొప్పున 52 వారాల పాటు ఇస్తామన్నారు. శిక్షణ ఇప్పిస్తామన్నారు. ఆ హామీ నమ్మి కార్మిక సంఘాలు సుంకాల తగ్గింపునకు మద్దతిచ్చాయి. అంటే ఇది ఇచ్చిపుచ్చుకున్న ఒప్పందం. ఒక పక్షం తన మాట నిలబెట్టుకుంది. సుంకాలు తగ్గాయి.

రెండో పక్షం సంగతి వినండి. చట్టం వచ్చిన 1962 నుంచి 1969 నవంబరు దాకా, ఏడేళ్ల పాటు, ఒక్కటంటే ఒక్క కార్మికుల దరఖాస్తు కూడా మంజూరు కాలేదు. దిగుమతులు పెరగడానికి ప్రధాన కారణం ఫలానా సుంకం తగ్గింపే అని నిరూపించాలి, ఉద్యోగాలు పోవడానికి ప్రధాన కారణం ఆ దిగుమతులే అని మళ్లీ నిరూపించాలి. బూట్ల ఫ్యాక్టరీలో తోలు కుట్టే మనిషి జెనీవాలో జరిగిన సుంకాల బేరానికీ తన ఉద్యోగానికీ మధ్య లంకె ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తాడు? కార్మిక సంఘాల వాళ్లు విసిగిపోయి దీనికి అంత్యక్రియల బీమా అని పేరు పెట్టారు.

1974 వాణిజ్య చట్టం ఈ ముడిని వదులుచేసింది. దిగుమతులు చెప్పుకోదగ్గ కారణమైతే చాలన్నారు. దాంతో తలుపు తెరుచుకుంది. 1980లో జపాన్ కార్ల దెబ్బకు డెట్రాయిట్ కార్మికులు వెల్లువలా వచ్చారు. ఆ ఏడాది ఖర్చు 160 కోట్ల డాలర్లకు చేరింది. మరుసటి ఏడాదే రీగన్ ప్రభుత్వం కత్తెర వేసింది. భృతిని మామూలు నిరుద్యోగ భృతి స్థాయికి దించింది, అదీ ముందు నిరుద్యోగ భృతి అయిపోయాకే ఇస్తామంది. 1988 నుంచి శిక్షణలో చేరితేనే భృతి అన్నారు. 1993లో మెక్సికో, కెనడాలతో నాఫ్టా ఒప్పందానికి ఓట్లు కావాల్సి వచ్చినప్పుడు ఆ దేశాలకు తరలిపోయిన ఫ్యాక్టరీల వాళ్లకు ప్రత్యేకంగా ఒక విభాగం కలిపారు. 2002లో మళ్లీ ఓట్లు అవసరమయ్యాయి, మళ్లీ సాయం పెరిగింది. గమనించారా, కార్మికుడి అవసరం పెరిగినప్పుడు చట్టం పెరగలేదు. ప్రభుత్వానికి ఓట్ల అవసరం పడినప్పుడు పెరిగింది. ఖర్చు కనపడగానే తగ్గింది.

ఇప్పుడు, ఆ చట్టం నడిచిన రోజుల్లోకి వెళ్లి, దరఖాస్తు పెట్టే మనిషి పక్కన కాసేపు కూర్చుందాం. ఒకే ఫ్యాక్టరీకి చెందిన ముగ్గురు కార్మికులు సంతకాలు చేస్తే చాలు, దరఖాస్తు చెల్లుతుంది. సంఘమైనా పెట్టవచ్చు, కంపెనీయే పెట్టవచ్చు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి కూడా పెట్టవచ్చు. అందులో అడిగేవి చూస్తే మామూలు ప్రశ్నలే. ఫ్యాక్టరీ చిరునామా ఏమిటి, ఏం తయారుచేస్తారు, ఎప్పుడు తీసేశారు, మీ పని పోవడానికి విదేశీ వాణిజ్యమే కారణమని మీరెందుకు అనుకుంటున్నారు. ఈ చివరి ప్రశ్న దగ్గరే కలం ఆగుతుంది. తన పక్కన ఉండే యంత్రాన్ని విప్పి, చెక్కపెట్టెల్లో సర్ది, లారీ ఎక్కించడం చూసినవాడు ఆ ముక్కే రాస్తాడు. కొన్ని చోట్ల విదేశం నుంచి వచ్చిన కొత్తవాళ్లకు పని నేర్పించి మరీ బయటికొచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లు అదీ రాస్తారు.

దరఖాస్తు వాషింగ్టన్‌లో కార్మిక శాఖకు వెళ్తుంది. 40 రోజుల్లో తేల్చాలని నియమం. అక్కడి అధికారి కంపెనీకి ప్రశ్నావళి పంపుతాడు. అమ్మకాలెంత, ఉత్పత్తి ఎంత, ఉద్యోగులెంత మంది, పని ఎక్కడికి మార్చారు? కంపెనీ సరుకు కొనే ఖాతాదారులకూ పంపుతాడు. గత రెండేళ్లలో మీరు విదేశీ సరుకు ఎంత కొన్నారు అని. అంటే, మనిషిని వీధిలోకి నెట్టిన కంపెనీయే అతనికి సాయం రావాలో వద్దో తేల్చే అంకెలు ఇవ్వాలి. సమన్లిచ్చే అధికారం శాఖకు ఉంది గానీ, కంపెనీ జవాబు నానబెడితే ఇంటి అప్పు వాయిదా మాత్రం ఆగదు కదా. దరఖాస్తు తిరస్కరిస్తే మళ్లీ పరిశీలించమని అడగవచ్చు, చివరికి న్యూయార్క్‌లో ఉన్న అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం దాకా వెళ్లవచ్చు.

మంజూరైతే ఆ ఫ్యాక్టరీలో పని పోయిన వాళ్లందరికీ, దరఖాస్తు తేదీకి ఏడాది ముందు నుంచి మంజూరైన రెండేళ్ల తర్వాత దాకా తీసేసిన వాళ్లకు, అర్హత వస్తుంది. ముగ్గురి సంతకం వందల మందికి పనికొస్తుంది. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన గుణం ఇది. శిక్షణ ఫీజు ప్రభుత్వం కడుతుంది. చదువుకుంటున్నన్నాళ్లూ భృతి వస్తుంది. నిరుద్యోగ భృతితో కలిపి, 2015 నాటి నియమాల ప్రకారం గరిష్ఠంగా 130 వారాల దాకా. వేరే ఊళ్లో పని వెతుక్కోవడానికి ప్రయాణ ఖర్చు, ఇల్లు మారడానికి సామాను రవాణా ఖర్చు కూడా ఉంటాయి. 2002 చట్టం కింద ఆరోగ్య బీమా ప్రీమియంలో 65 శాతం పన్ను రాయితీగా ఇచ్చారు. కానీ జీతం లేని ఇంట్లో మిగతా 35 శాతం ఎవరు కడతారు? అందుకే ఆ రాయితీని వాడుకున్నవాళ్లు చాలా తక్కువ.

ఇంకొకటి ఉండేది, వేతన బీమా. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 50 ఏళ్లు దాటిన కార్మికుడు మళ్లీ బడికి వెళ్లకుండా, దొరికిన తక్కువ జీతం పనిలో త్వరగా చేరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం ప్రభుత్వం ఇచ్చేది. రెండేళ్ల పాటు, మొత్తం మీద 10,000 డాలర్లు మించకుండా. కొత్త జీతం ఏడాదికి 50,000 డాలర్ల లోపు ఉండాలి. మేట్యాగ్ మనిషి లెక్కే వేద్దాం. గంటకు 15 డాలర్లంటే ఏడాదికి 31,200. కొత్త పనిలో గంటకు 10 అనుకుంటే 20,800. తేడా 10,400. అందులో సగం 5,200. నెలకు 430 డాలర్ల పైన, ఆ 10,000 పరిమితి నిండేదాకా. దాంతో పాత బతుకు తిరిగి రాదు. కానీ ఇల్లు నిలబడుతుంది. పైగా ఆ మనిషి పనిలోనే ఉంటాడు, పని చేయించుకునేవాడికి తన చేతి నైపుణ్యం చూపించే అవకాశం ఉంటుంది.

ఎక్కువ మందికి ఎదురైంది మాత్రం బడి. గేల్స్‌బర్గ్‌లో కవి శాండ్‌బర్గ్ పేరుతోనే ఒక కమ్యూనిటీ కాలేజీ ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది అక్కడే చేరారు. 2003 జూలై 30న నార్త్ కరోలినాలో కన్నాపొలిస్ అనే మిల్లు ఊరు ఇంకా పెద్ద దెబ్బ తింది. తువ్వాళ్లు, దుప్పట్లు నేసే పిల్లోటెక్స్ కంపెనీ ఆ రోజు మూతపడింది. ఆ ఒక్క రాష్ట్రంలోనే 4,800 మంది దాకా రోడ్డున పడ్డారు. ఊరు పుట్టిందే ఆ మిల్లు కోసం. ఇళ్లు కట్టింది మిల్లు యజమానులే. పదహారేళ్లకే స్కూలు మానేసి మగ్గాల షెడ్డులో చేరినవాళ్లు, చేరితే జీవితాంతం ఇక్కడే అనుకున్నవాళ్లు వందల్లో ఉన్నారు. వాళ్లకు హైస్కూలు సర్టిఫికెట్ లేదు. ముందు అది తెచ్చుకోవాలి, ఆ తర్వాతే ఏ శిక్షణైనా. నలభై ఐదేళ్ల మనిషిని ఊహించుకోండి. దారం తెగితే చప్పుడు విని చెప్పగలడు. వందల కదుళ్ల మధ్య ఏది మందగించిందో చూపు తిప్పకుండా కనిపెట్టగలడు. ఆ మనిషి ఇప్పుడు భిన్నాలు, బీజగణితం ముందేసుకుని తన కూతురి వయసు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. పైగా పని పోయినప్పటి నుంచి ఇన్ని వారాల్లోగా శిక్షణలో చేరకపోతే భృతి రాదని గడువు. దుఃఖం తీరకముందే కోర్సు ఎంచుకోవాలి. నర్సింగ్ సహాయకులు, లారీ డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు, కంప్యూటర్ గుమస్తాలు, ఇలా ఎవరికి తోచింది వాళ్లు ఎంచుకున్నారు. కొందరు నిజంగా నిలదొక్కుకున్నారు. అయితే ఒకే ఊళ్లో వందల మంది ఒకే కోర్సు చదివి బయటికొస్తే అంతమందికి పనిచ్చే ఆస్పత్రులు, ఆఫీసులు ఆ ఊళ్లో ఎక్కడున్నాయి? శిక్షణ మనిషిని మారుస్తుంది, ఊళ్లో ఉద్యోగాల సంఖ్యను పెంచదు. చట్టం రాసినవాళ్లు ఈ మాట ఎందుకో సరిగా పట్టించుకోలేదు.

మరి ఈ సాయం వల్ల మేలు జరిగిందా అని పరిశోధకులు లెక్కలు తీశారు. కార్మిక శాఖ కోసం మేథమాటికా అనే సంస్థ చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. టీఏఏ తీసుకున్నవాళ్లు, అలాంటి పరిస్థితుల్లోనే ఉండి తీసుకోనివాళ్ల కంటే, నాలుగేళ్ల తర్వాత కూడా తక్కువే సంపాదిస్తున్నారని తేల్చింది. పథకాన్ని ఎత్తేయాలనుకున్నవాళ్లకు ఇది ఆయుధమైంది. కానీ ఆ తర్వాత బెంజమిన్ హైమన్ అనే ఆర్థికవేత్త వేరే పద్ధతిలో చూశాడు. ఒకే రకం దరఖాస్తు మెతక అధికారి చేతిలో పడితే మంజూరవుతుంది, కఠినంగా ఉండే అధికారి చేతిలో పడితే తిరస్కారానికి గురవుతుంది కదా, ఆ రెండు రకాల వాళ్ల జీతాలనూ ఏళ్ల తరబడి పోల్చాడు. సాయం దొరికినవాళ్లు పదేళ్లలో మొత్తం మీద సుమారు 50,000 డాలర్లు ఎక్కువ సంపాదించారు. చివరికొచ్చేసరికి ఆ ఆధిక్యం కరిగిపోయింది, అదీ నిజమే. వేతన బీమా మీద హైమన్ మరో ఇద్దరితో కలిసి చేసిన పరిశోధన ఇంకా స్పష్టంగా ఉంది. ఆ అర్హత ఉన్నవాళ్లు త్వరగా పనిలో చేరారు, సంపాదనా పెరిగింది, ప్రభుత్వానికైన ఖర్చు వాళ్లు కట్టే పన్నుల్లోనూ, మిగిలిన భృతిలోనూ తిరిగొచ్చింది. ఇంత మేలైన ఏర్పాటును 50 ఏళ్లు దాటినవాళ్లకే ఎందుకు పరిమితం చేశారో నాకు బోధపడదు. నలభై ఏళ్ల మనిషికి ఇంటి అప్పు ఉండదా?

మరో లెక్క ఇంకా కలవరపెడుతుంది. డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2013లో ప్రచురించిన పత్రంలో చైనా దిగుమతులు ఎక్కువగా తాకిన ప్రాంతాలను పరిశీలించారు. అక్కడ ప్రభుత్వం నుంచి జనానికి వెళ్లే డబ్బు పెరిగిన మాట నిజమే. కానీ టీఏఏ రూపంలో పెరిగింది చిల్లర. అంగవైకల్య పింఛన్ల రూపంలో పెరిగింది దానికి ముప్పై రెట్ల పైమాటే. దీని అర్థమేమిటి? పని పోయిన మనిషి మళ్లీ పనిలోకి వెళ్లే దారి ఇరుకైపోయి, నేనిక పని చేయలేను అని రాసిచ్చే దారి పట్టాడు. నడుము నొప్పి ఉన్నమాట నిజమే. పని ఉన్నన్నాళ్లూ ఆ నొప్పితోనే పనిచేశాడు.

మన వాళ్లకు నేరుగా సంబంధించిన ముక్క ఒకటి ఇందులో ఉంది. 2000 తర్వాత సాఫ్ట్‌వేర్ పని అమెరికా నుంచి మన దేశానికి రావడం జోరందుకుంది. హైదరాబాద్ కూడా ఆ పనితోనే పెరిగింది. అక్కడ పని పోయిన ప్రోగ్రామర్లు టీఏఏ కోసం దరఖాస్తు పెడితే కార్మిక శాఖ కొట్టేసింది. మీరు తయారుచేసింది వస్తువు కాదు, పెట్టెలో పెట్టి ఓడ ఎక్కించేదైతేనే సరుకు అన్న ధోరణి. కోర్టుకు వెళ్లారు. న్యాయస్థానం శాఖను తప్పుపట్టింది. చివరికి 2006లో శాఖ తన విధానం మార్చుకుని సాఫ్ట్‌వేర్ కూడా తయారైన వస్తువే అని ఒప్పుకుంది. 2009లో సేవారంగ ఉద్యోగులకూ చట్టం వర్తింపజేశారు. మనకు ఆ పని అన్నం పెట్టింది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అటువైపు పని పోయినవాడికి అతని ప్రభుత్వం ఏం చేసిందని అడగడం కూడా మన బాధ్యతే అనుకుంటాను. ఇప్పుడు అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇంజనీర్లే, తమ కంపెనీ పనిని హైదరాబాద్‌కు మార్చడం వల్ల ఉద్యోగం పోగొట్టుకుంటున్న సందర్భాలు వస్తున్నాయి. ఆ ప్రశ్న మన బంధువుల ఇళ్లలోకే వచ్చింది.

ఈ చట్టం మీద ఉన్న విమర్శల్లో నాకు న్యాయంగా తోచింది ఒకటుంది. పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరికి ఒకే నెలలో పని పోయింది. ఒకతని ఫ్యాక్టరీ మెక్సికో వెళ్లింది, రెండో అతని స్థానంలో రోబో వచ్చింది. మొదటివాడికి రెండేళ్ల పైచిలుకు ఆసరా, రెండోవాడికి మామూలు నిరుద్యోగ భృతి, చాలా రాష్ట్రాల్లో 26 వారాలు. ఫ్యాక్టరీ గేటు ముందు తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలిగించి షిఫ్టు వాళ్లకు టిఫిన్ పెట్టిన హోటలామెకు ఏమీ లేదు. విడిభాగాలు పంపే ఫ్యాక్టరీలను 2002లో చేర్చారు గానీ ఆమెను ఎవరూ చేర్చలేదు. కాబట్టి పథకం అన్యాయం, తీసేయాలి అన్నారు కొందరు. అన్యాయమే. దాన్ని సరిచేయాలంటే రెండో ఇంటికి కూడా సాయం ఇవ్వాలి, మొదటి ఇంటి నుంచి లాక్కోవడం ఎక్కడి న్యాయం?

అక్కడ జరిగింది మాత్రం ఆ లాక్కోవడమే. 2015 జూన్ 12న అమెరికా ప్రతినిధుల సభలో ఒక విచిత్రం చోటుచేసుకుంది. టీఏఏ పొడిగింపును 302-126 ఓట్లతో ఓడించారు. ఓడించినవాళ్లలో కార్మికుల పక్షాన నిలబడే డెమొక్రాట్లు చాలామంది ఉన్నారు. ఎందుకంటే ఆ సాయాన్ని కొత్త వాణిజ్య ఒప్పందాలకు దారితీసే బిల్లుతో ముడివేశారు. సాయం నెగ్గితే ఆ బిల్లూ నెగ్గుతుంది. అందుకని కార్మిక సంఘాలే దీన్ని ఓడించమని కోరాయి. యాభై ఏళ్ల అనుభవం వాళ్లకు నేర్పిన పాఠం అంత చేదుగా ఉంది. మళ్లీ రెండు వారాల్లోనే విడిగా నెగ్గింది, జూన్ 29న ఒబామా సంతకం చేశాడు. కొన్నేళ్లకు దానికి పెట్టిన గడువు తీరిపోయింది. ఆ సమయానికి కొత్త వాణిజ్య బిల్లు ఏదీ నెగ్గలేదు కాబట్టి దీన్ని మోసుకెళ్లే బండి లేకపోయింది. 2022 జూలై 1 నుంచి కొత్త దరఖాస్తులను పరిశీలించి మంజూరు చేసే అధికారం కార్మిక శాఖకు లేకుండా పోయింది. అంతకుముందే మంజూరైనవాళ్లకు మాత్రం సాయం కొనసాగింది. ఫ్యాక్టరీలు మాత్రం ఆ తేదీ చూసుకుని మూతపడటం మానలేదు.

యూరప్ వాళ్లు 2007 నుంచి ఇలాంటి నిధినే నడుపుతున్నారు. 2009లో డెల్ కంపెనీ ఐర్లండ్‌లోని లిమరిక్ నుంచి కంప్యూటర్ల తయారీని పోలండ్‌కు మార్చినప్పుడు, అక్కడి కార్మికుల కోసం ఆ నిధి నుంచి 1.48 కోట్ల యూరోలు ఇచ్చారు. లోపాలు దానికీ ఉన్నాయి. అయినా అది బతికి ఉంది.

ఇక మన సంగతి. అమెరికాలో టీఏఏకి రైతుల విభాగం కూడా ఉండేది. దిగుమతి రొయ్యల వల్ల ధర పడిపోయిందని గల్ఫ్ తీరంలో రొయ్యలు పట్టేవాళ్లకు 2010లో ఆ విభాగం కింద అర్హత ఇచ్చారు. ఆ దిగుమతుల్లో మన దేశపు రొయ్యలూ ఉన్నాయి. సముద్రానికి అటువైపు నష్టపోయినవాడి కోసం ఒక కాగితమైనా ఉండేది. ఇటువైపు చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం నుంచి విశాఖ దాకా రొయ్యల రంగం గగ్గోలు పెట్టింది. ఎగుమతిదారులు ఢిల్లీ వెళ్లారు, రైతులు ధర గురించి మొరపెట్టుకున్నారు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసి, తొక్క ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లు, కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు. ఆర్డర్ తగ్గితే రేపు రావద్దు అన్న ఒక్క మాటతో వాళ్ల పని ఆగిపోతుంది. ముగ్గురు కలిసి సంతకం పెట్టి పంపడానికి వాళ్ల కోసం ఏ చట్టమూ లేదు.

సంఘటిత కార్మికుడికి ఉన్నవి కొద్దిపాటివి. ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, పని పోతే సగటు రోజు వేతనంలో సగం చొప్పున, 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారి వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో నైపుణ్య శిక్షణ నిధి అని ఒకటి పెట్టారు. తీసేసిన ప్రతి కార్మికుడి పేరున యజమాని 15 రోజుల వేతనం జమచేయాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. ఇది మంచి ఆరంభమే, కాదనను. కానీ 15 రోజుల కూలితో ఎవరైనా ఏ పని నేర్చుకుంటారు? లోపాలెన్ని ఉన్నా అమెరికా చట్టం 130 వారాలిచ్చింది, మనం శిక్షణకు 15 రోజుల కూలి దగ్గరే ఆగాం.

మన దేశం ఇప్పుడు దేశం తర్వాత దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు చేసుకుంటోంది. వాటి వల్ల కొన్ని పరిశ్రమలు పెరుగుతాయి, కొన్ని కుంగుతాయి. ఇది తెలిసి చేసుకునే ఒప్పందం. కుంగేవాటిలో పనిచేసేవాళ్ల కోసం ఒప్పందంతో పాటే నిధి కేటాయించాలి. ఆ నిధికి గడువు పెట్టకూడదు, వేరే బిల్లుకు ముడివేయకూడదు. వేతన బీమా అందులో మొదటి అంశం కావాలి, కాంట్రాక్టు కార్మికులకూ వర్తించాలి. మీ ఎంపీ మీ ఊరికి వచ్చినప్పుడు ఈ విషయం అడగండి.

చివరిగా ఒక మాట. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి ఇటీవల పని పోయి ఉంటే, ఆ 90 రోజుల భృతి సంగతి ఆయనకు చెప్పండి. కనీసం రెండేళ్లు బీమా పరిధిలో పనిచేసి ఉండాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని దగ్గర్లోని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి, పథకం ఇప్పుడు అమల్లో ఉందో లేదో, తన విషయంలో ఎలా వర్తిస్తుందో అడగమనండి. ఆ పథకం ఉందని తెలియకనే చాలామంది దాన్ని వదిలేసుకుంటున్నారు.